మీ అభిప్రాయం మళ్ళీ నలుగురిలో చెప్పండి: సీనియర్ డిజైనర్లకు బహిరంగ లేఖ

డిజైన్ లీడ్‌లకు, డిజైన్ హెడ్‌లకు, ఈ పనిలో తల పండిన సీనియర్లందరికీ,

నమస్కారం.

ఆన్‌లైన్ డిజైన్ కమ్యూనిటీలో ఏళ్ళ తరబడి మోడరేటర్‌గా ఉన్నాను. మీలో చాలామంది పెట్టిన మొట్టమొదటి పోస్టులు చూశాను. కొన్నింటిని నేనే తీసేశాను, నోరు జారిన కొందరిని వారం రోజులు బ్యాన్ కూడా చేశాను. ఇప్పుడు మీరు టీమ్‌లు నడుపుతున్నారు, ఇంటర్వ్యూలు చేస్తున్నారు, స్టేజీల మీద మాట్లాడుతున్నారు. చాలా సంతోషం. కానీ మీకు పని నేర్పిన చోట మీరు కనిపించడం మానేసి చాలా కాలమైంది.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. సగంలో ఉన్న పనిని నలుగురిలో పెట్టడం, దాని మీద నలుగురిలోనే కారణాలతో సహా మాట్లాడటం అనే అలవాటును మళ్ళీ మొదలుపెట్టండి. ఇది కొత్తవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. మీరు పూనుకోవాల్సిందే. ఎందుకో చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్తాను, ఓపిక పట్టండి.

మనలో పాతవాళ్ళు వెబ్ పేజీలను టేబుళ్ళతో, అంటే గళ్ళ పట్టికలతో, కట్టిన కాలం నుంచి ఉన్నారు. ఫోటోషాప్‌లో పేజీ మొత్తం గీయడం, దాన్ని ముక్కలుగా కోయడం, ఒక్కో ముక్కను ఒక్కో గడిలో కూర్చోబెట్టడం, ఎక్కడైనా సందు రాకపోతే కంటికి కనపడని ఒక్క పిక్సెల్ జిఫ్ బొమ్మను సాగదీసి ఇరికించడం. 2003లో డేవ్ షే అనే డిజైనర్ మొదలుపెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటు ఆ పద్ధతికి కాలం చెల్లిందని కళ్ళకు కట్టినట్టు చూపించింది. పేజీలోని మ్యాటర్ ఉండే హెచ్‌టీఎంఎల్ అందరికీ ఒకటే, దాన్ని ముట్టుకోకూడదు. అది ఎలా కనిపించాలో చెప్పే స్టైల్ షీట్ మాత్రం ఎవరిది వాళ్ళు రాసుకోవచ్చు. అదే మ్యాటర్ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రూపం ఎత్తింది. ఎవరు ఎలా చేశారో తెలుసుకోవాలంటే పేజీ సోర్స్ కోడ్ తెరిస్తే సరిపోయేది. దాచుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ గుణమే మన కమ్యూనిటీకి కూడా అబ్బింది. అప్పట్లో పోస్టు పెట్టారంటే ఎక్కడో ఇరుక్కున్నారని అర్థం. ఫ్లోట్ చేసిన, అంటే ఒక పక్కకు జరిపిన, డబ్బాకు పక్క మార్జిన్ ఇస్తే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 బ్రౌజర్‌లో అది రెట్టింపయ్యేది. పేజీ చెల్లాచెదురయ్యేది. రాత్రంతా జుట్టు పీక్కుని, తెల్లారి వచ్చి అడిగేవాళ్ళు. ‘దానికి డిస్‌ప్లే ఇన్‌లైన్ పెట్టు, పోతుంది’ అని ఎవరో ఒక్క లైను రాసేవారు. పోయేది. మళ్ళీ అదే సమస్య వచ్చిన ఇంకొకరికి ఆ లైను దొరికేది. టూల్స్ అంత గొప్పవి కావు కాబట్టి, రాదని ఒప్పుకోవడంలో ఎవరికీ నామోషీ ఉండేది కాదు.

అవి బంగారు రోజులని మాత్రం నేను అనను. మోడరేటర్‌కు కనిపించేవి మిగతావాళ్ళకు కనిపించవు. వెటకారంతో పేరు తెచ్చుకుని, కొత్తవాళ్ళను ఏడిపించడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు ఉండేవారు. అమ్మాయి పేరుతో పోస్టు పెడితే లేఅవుట్ గురించి రెండు మాటలు, ప్రొఫైల్ ఫోటో గురించి పది మాటలు వచ్చేవి. పర్సనల్ మెసేజీల్లో వచ్చేవైతే ఇక్కడ రాయలేను. కొందరు అమ్మాయిలు పేరు తీసేసి ఇనీషియల్స్ పెట్టుకున్నారు. వాళ్ళ పని అదే, కానీ దాని మీద వచ్చే అభిప్రాయాల తీరు మారిపోయింది. ఇది నా కళ్ళారా చూశాను. ఇప్పుడు మీరు ‘ఆ రోజులే వేరు’ అని స్టేజీ మీద నిట్టూరుస్తుంటే, ఆ రోజుల్లో ఎవరెవరు మాట్లాడకుండా వెళ్ళిపోయారో నాకు గుర్తొస్తుంది.

ఆ గొడవల మధ్యే మనకు రెండు రూల్స్ కుదిరాయి. పోస్టు పెట్టేవాళ్ళు ఇది ఎవరి కోసం, ఏ దశలో ఉంది, ఎక్కడ ఆగిపోయారు అనేది చెప్పాలి. నొప్పి ఎక్కడో చెప్పకుండా డాక్టర్ ముందు కూర్చుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? జవాబిచ్చేవాళ్ళు పని గురించే మాట్లాడాలి, బాగుందన్నా బాగాలేదన్నా ఎందుకో చెప్పాలి. ఈ రెండింటికీ ఒప్పుకోని పోస్టు ఎంత పెద్దవాళ్ళదైనా తీసేసేవాళ్ళం. మీలో కొందరికి ఈ విషయంలో నా మీద ఇంకా కోపం ఉందని తెలుసు.

ఆ రూల్స్ సరిగ్గా పనిచేసినప్పుడు ఏం జరిగేదో ఒకటి చెబుతాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునే ఫారం ఒకటి ఒకబ్బాయి పెట్టాడు. తెల్లటి స్క్రీన్, సన్నటి అక్షరాలు, చాలా పొందికగా ఉంది. ‘సూపర్ బ్రో’లు పడ్డాయి. తర్వాత ఒకావిడ వచ్చి, గళ్ళలో రాసి ఉన్న బూడిద రంగు #999999 కదా, తెలుపు మీద దాని కాంట్రాస్ట్ 2.85 మాత్రమే, మామూలు సైజు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందేలా పెట్టిన) ప్రమాణాలు కనీసం 4.5 అడుగుతాయి, #767676 దాకా ముదురు చేస్తే గట్టెక్కుతావు, అంది. ఆ అబ్బాయి, అలా చేస్తే నీట్‌నెస్ పోతుంది కదా అన్నాడు. ఆవిడ వాదనకు దిగలేదు. ‘ఈ ఫారం నింపేది ఎవరు? ఏ వయసువాళ్ళు? ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించి, ఎండలో నిలబడి ఒకసారి చదివి చూడు’ అంది. ఇంకొకాయన వచ్చి, తేదీ తప్పు కొడితే ఏం చూపిస్తావని అడిగాడు. ఆ స్క్రీన్ అసలు గీయనే లేదు. గడి లోపలే రాసిన ‘మీ ఫోన్ నంబర్’ అనే మాట, టైప్ చేయడం మొదలుపెట్టగానే మాయమైపోతుందని, మధ్యలో ఫోన్ కాల్ వచ్చి తిరిగి చూసుకుంటే ఏ గడిలో ఏం రాయాలో తెలియదని మరొకరు పట్టుకున్నారు.

వారం తిరిగేసరికి ఆ ఫారం వేరే ఫారం అయింది. మొదటి దానంత అందంగా లేదు, పనికొచ్చేలా ఉంది. మార్పులన్నీ ఒకదాని కింద ఒకటి, ఎందుకు మార్చాడో కారణంతో సహా అక్కడే ఉండేవి. ఆ తర్వాత ఫారాల గురించి ఎవరు అడిగినా ఆ చర్చే చదవమని పంపేవాళ్ళం. ఇది ఏ కోర్సులోనూ దొరకని పాఠం. చెప్పినవాళ్ళకు పైసా రాలేదు, అడగనూ లేదు.

మరి ఇది ఎక్కడ పోయింది? ఒక్క కారణం చెప్పి చేతులు దులుపుకోలేను. కానీ లైక్ బటన్‌ను మాత్రం ముందు పెడతాను.

2009లో డ్రిబుల్ అనే డిజైనర్ల సైటు వచ్చినప్పుడు చాలామందిలాగే నేనూ మురిసిపోయాను. దాని మొదటి ఉద్దేశం ఎంత చక్కనిదో ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. మీరు ఇప్పుడు దేని మీద పనిచేస్తున్నారో 400 × 300 పిక్సెళ్ళ చిన్న ముక్కగా చూపించడం. అంటే చేస్తున్న పనిలోంచి ఒక తునక. మనకు కావాల్సిందీ అదే కదా. కానీ చిన్న చట్రంలో ఏది బాగా కనిపిస్తుందో డిజైనర్లకు త్వరగానే అర్థమైంది. మెరిసే ఐకాన్, ముద్దొచ్చే గ్రేడియంట్, ఎవరూ ఎప్పటికీ వాడని వాతావరణం యాప్. ఆ ముక్క వెనుక మిగతా పని ఉందా లేదా అని అడిగేవాళ్ళు లేరు. లైకులు వచ్చాయి, లైకులు చూసి క్లయింట్లు వచ్చారు, క్లయింట్లు చూస్తున్నారని తెలిశాక సగం పని చూపించడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? చూపించేది పోర్ట్‌ఫోలియో అయిపోయింది. పోర్ట్‌ఫోలియోలో తప్పు పట్టడం అమర్యాద అయిపోయింది. అంతకుముందు కింద పది లైన్ల విమర్శ రాసే మనిషే ఇప్పుడు రెండు చప్పట్ల బొమ్మలు పెట్టి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. ఆ సైటును తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. బతుకుతెరువు కలిశాక ఎవరైనా అంతే.

ఫ్యాషన్ల గురించి ఎక్కువ చెప్పను. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ (స్క్రీన్‌ను బట్టి సర్దుకునే పేజీ) అనే మాట తెచ్చాక పేజీకి స్థిరమైన వెడల్పు ఉంటుందన్న నమ్మకం పోయింది. 2013లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7తో, స్క్రీన్ మీద నిజంలా గీసిన తోలు, కుట్లు, చెక్క బల్లలు మాయమై అంతా చదునైంది. అదే ఏడాది ఫోటోషాప్ తయారుచేసే అడోబీ నెలవారీ చందా పద్ధతికి మారింది. ఆ మూడింటి మీద మనవాళ్ళు కొట్టుకున్న కొట్లాటలను చదివి తీర్పు చెప్పడంలోనే నా సాయంత్రాలు చాలా కరిగిపోయాయి. ఇప్పుడు వాటిని ఎవరూ తలచుకోరు.

దానికంటే ఎక్కువ చెడు చేసింది గుంపుగా మీద పడే అలవాటు. 2010లో గ్యాప్ అనే బట్టల కంపెనీ కొత్త లోగో పెట్టి, వచ్చిన గోలకు దాదాపు వారం రోజుల్లోనే పాతదానికి తిరిగి వెళ్ళిపోయింది. చూశారా మన బలం అని సంబరపడినవాళ్ళున్నారు. నాకు ఆ రోజే భయం వేసింది. వచ్చిన వేల మాటల్లో ఆ లోగో ఎక్కడ ఏ సైజులో వాడతారు, పాతదానితో ఇబ్బంది ఏమిటి అని అడిగినవి వెతుక్కోవాల్సి వచ్చింది. 2016లో ఇన్‌స్టాగ్రామ్ ఐకాన్ మారినప్పుడూ అదే తంతు. ఇప్పుడు ఆ రంగుల ఐకాన్ మన కళ్ళకు ఎంత అలవాటైందంటే, తిట్టినవాళ్ళే అది ఎప్పటినుంచో ఉన్నట్టు మాట్లాడతారు. ఇంట్లో కూర్చుని పెద్ద కంపెనీల యాప్‌లను రీడిజైన్ చేసి, ‘వాళ్ళకు తట్టనిది నాకు తట్టింది’ అన్నట్టు పెట్టే పోస్టులూ అదే బాపతు. బయటినుంచి తెలియని అడ్డంకులు లోపల ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. తెలిసిన మీరు ఆ పోస్టుల కింద రెండు ముక్కలు చెప్పాల్సింది. చెప్పలేదు. అక్కడ విమర్శ అంటే వెక్కిరింత అని ఒక తరం నేర్చుకుంది. వెక్కిరింతకు భయపడి సగం పని దాచుకోవడం కూడా నేర్చుకుంది.

ఇక అసలు మలుపు. 2016లో ఫిగ్మా అనే ఆన్‌లైన్ డిజైన్ టూల్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒకే ఫైలులో పదిమంది కర్సర్లు తిరుగుతుంటే మనం నోరు తెరుచుకుని చూశాం. ఫైనల్, ఫైనల్2, ఫైనల్_నిజంగా_ఫైనల్ అనే ఫైళ్ళ బాధ తప్పింది. దాంతోపాటే విమర్శ కూడా ఫైలు లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు మీరు మీ టీమ్‌లోవాళ్ళ పని మీద చాలా మంచి అభిప్రాయాలు చెబుతున్నారని నాకు తెలుసు. బటన్ పక్కన చిన్న చుక్క పెట్టి, అందులో నాలుగు లైన్లు రాస్తారు. వాళ్ళు సరిచేస్తారు. ‘రిజాల్వ్’ కొడతారు. చుక్క మాయమవుతుంది. ఉద్యోగం మారితే ఆ ఫైలే మీకు తెరుచుకోదు. ఇరవై ఏళ్ళ అనుభవంతో మీరు రాసిన ఆ నాలుగు లైన్లు ముగ్గురు చదివారు.

దీని ఫలితం ఎంత విడ్డూరంగా ఉంటుందో ఒక చిన్న విషయంలో చూపిస్తాను. అడ్రస్ ఫారంలో ‘రాష్ట్రం’ అనే గడి ఉంటుంది. ఇంగ్లీషుకు సరిపోయేలా లైన్ హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) 1.2 పెట్టి, డబ్బా ఎత్తును కూడా బిగించేస్తే, ఆ మాట కిందున్న వత్తులు తెగిపోతాయి. ‘రాష్ట్రం’ కాస్తా చదవలేనిదవుతుంది. ఇంగ్లీషు అక్షరానికి కింద తోక ఒకటే. మనకు అక్షరం కింద వత్తు, దాన్ని అంటిపెట్టుకుని ఇంకో వత్తు, పైన గుడి. పరిష్కారం పెద్ద విద్యేమీ కాదు: డబ్బాకు ఎత్తు ఇవ్వకుండా పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వడం, ఫాంటును బట్టి లైన్ హైట్ 1.5కో అంతకంటే ఎక్కువకో పెంచడం, ఖాళీ నింపడానికి వాడే నకిలీ లాటిన్ పేరాతో కాకుండా ‘శాస్త్రి’, ‘రాష్ట్రం’ లాంటి మాటలతో పరీక్షించడం. ఈ సంగతి మీలో ఎంతమంది మీ మీ కంపెనీల్లో విడివిడిగా కనిపెట్టి ఉంటారో! ఆ జవాబులన్నీ తాళం వేసిన ఫైళ్ళలో ఉన్నాయి. బయట మాత్రం కొత్త డిజైనర్ ఎవరో ఒకరు ‘వత్తులు ఎందుకు కట్ అవుతున్నాయి’ అని మొదటినుంచీ మళ్ళీ అడుగుతూనే ఉన్నారు. జవాబు తెలిసినవాళ్ళు అక్కడ లేరు.

ఆ తాళం కూడా మన చేతిలో ఉండదు. 2022 సెప్టెంబరులో ఫిగ్మాను 20 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు అడోబీ ప్రకటించింది. యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు ఒప్పుకునేలా లేవని 2023 డిసెంబరులో విరమించుకుంది. ఆ పదిహేను నెలలూ మన ఫైళ్ళ గతి ఏమిటని డిజైనర్లు పడ్డ టెన్షన్ నాకు వచ్చిన మెసేజీల్లో చూశాను. మన పాత చర్చల సంగతీ అంతే లెండి. బొమ్మలు పెట్టుకోవడానికి వాడిన ఉచిత నిల్వ సర్వీసు ఒకటి ఉన్నట్టుండి రూల్స్ మార్చేసింది. ఎన్నో మంచి చర్చల్లో మాటలు మిగిలి, బొమ్మలు పోయాయి. ‘ఎడమ పక్క మూడో గడి చూడు’ అని ఉంటుంది, చూడటానికి గడి లేదు. అయినా వాటిలో సగం ఇప్పటికీ పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ కారణాలు రాసి ఉన్నాయి.

మీరు లేని చోట ఏం మొలిచిందో కూడా చూడండి. కేస్ స్టడీ (ఒక పని ఎలా చేశారో చెప్పే కథనం) అనే ఒక అచ్చు తయారైంది. బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ 2000ల మధ్యలో ప్రచారంలోకి తెచ్చిన, డిజైన్ పని దశలను చూపే డబుల్ డైమండ్ బొమ్మ, దాని కింద గోడకు అంటించిన రంగు కాగితాల ఫోటో, ఒక నకిలీ పర్సోనా (యాప్ వాడేవాళ్ళకు నమూనాగా రాసుకున్న మనిషి), చివర ఫోన్ మాకప్‌లో మూడు స్క్రీన్లు. పేర్లు మారిస్తే ఒకరిది ఇంకొకరికి సరిపోతుంది. ‘ఇక్కడ రెండో ఆప్షన్ ఎందుకు వదిలేశావు’ అని అడిగితే సమాధానం ఉండదు, ఎందుకంటే రెండో ఆప్షన్ ఎప్పుడూ లేదు. పిల్లల్ని తప్పుపట్టకండి. ఇంటర్వ్యూలో మీరు ఆ అచ్చునే చూస్తున్నారని వాళ్ళకు తెలుసు.

ఇంటర్వ్యూల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 2008 ప్రాంతంలో లోగో పోటీల సైట్లు పుట్టుకొచ్చినప్పుడు, ఊరికే పని చేయించుకుని ఒక్కరికే డబ్బులిస్తారా అని మండిపడింది మీరే. ఆ చర్చల్లో మీ ఆవేశాన్ని అదుపులో పెట్టలేక నేను తలపట్టుకున్నాను. ఇప్పుడు మీ కంపెనీలే ఉద్యోగానికి వచ్చినవాళ్ళను ‘సోమవారంలోగా మా యాప్ చెకౌట్ మొత్తం రీడిజైన్ చేసి పంపండి’ అంటున్నాయి. పైసా లేదు, తర్వాత జవాబు కూడా లేదు. దీనికీ దానికీ తేడా ఏమిటో నాకైతే అర్థం కాలేదు.

2022 ఆగస్టులో, మాటల్లో చెబితే బొమ్మ గీసిపెట్టే స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐ బయటికొచ్చాక మోడరేటర్ పనే మారిపోయింది. ఆ డిసెంబరులో చిత్రకారులు తమ బొమ్మలు పెట్టుకునే ఆర్ట్‌స్టేషన్ సైటులో ఏఐ బొమ్మల మీద నిరసన తెలిపినప్పుడు అది బొమ్మలు గీసేవాళ్ళ గొడవ అనుకున్నవాళ్ళున్నారు. మన దగ్గరికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇప్పుడు రోజూ నిగనిగలాడే స్క్రీన్లు వస్తాయి. ఈ రెండు బటన్లలో ముఖ్యమైనది ఏది, ఈ ఖాళీ ఎందుకు వదిలావు అని అడిగితే పెట్టిన మనిషికి తెలియదు. అడగడానికి ఆ మనిషి ఉన్నాడో లేడో కూడా ఒక్కోసారి తెలియదు. అభిప్రాయాలు కూడా మిషన్లే రాస్తున్నాయి. మూల మూలా అక్షరాలతో కిక్కిరిసిపోయిన పోస్టర్ కింద ‘ఖాళీ స్థలాన్ని మీరు వాడిన తీరు అద్భుతం’ అని ఒక పొగడ్త చూశాను. తీసేయాలో, నవ్వుకోవడానికి ఉంచాలో కాసేపు తేల్చుకోలేకపోయాను. తీసేశాను.

మిషన్‌తో చేసిన పనిని నిషేధించాలని కొందరు మోడరేటర్ల వాదన. నాది కాదు. స్టాక్ ఫోటోలు వచ్చినప్పుడు, టెంప్లేట్లు వచ్చినప్పుడు ఇలాంటివే విన్నాం. నా షరతు ఒక్కటే: దేంతో చేసినా సరే, ఎందుకిలా ఉందో చెప్పగలగాలి. ఆ ‘ఎందుకు’ను అడగడం, చెప్పడం ఎలాగో కొత్తవాళ్ళు ఎక్కడ చూసి నేర్చుకుంటారు? మొదటి ఉద్యోగంలో నేర్చుకునే చిన్న పనులన్నీ మిషన్‌కు ఇచ్చేస్తున్నారు. జూనియర్ ఉద్యోగాలు తగ్గాయని వాళ్ళే వచ్చి చెబుతున్నారు. మీ టీమ్‌లోకి రాలేనివాళ్ళు మీ ఫైలు లోపలి మాటలు ఎలాగూ వినలేరు. బయట మాట్లాడే సీనియర్ లేకపోతే వాళ్ళకు గురువు లేనట్టే.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. టైం లేదంటారు. అప్పుడూ లేదు. పగలు ఆఫీసు, రాత్రి క్లయింట్ పని పెట్టుకుని మీకు జవాబులిచ్చినవాళ్ళు ఖాళీగా కూర్చున్నవాళ్ళు కారు. కంపెనీతో ఒప్పందం ఉంది, బయట ఏమీ చూపించకూడదంటారు. నిజమే, మీ కంపెనీ స్క్రీన్లు ఎవరూ అడగడం లేదు. ఎదుటివాళ్ళ పని మీద అభిప్రాయం చెప్పడానికి ఏ ఒప్పందమూ అడ్డురాదు. ఇప్పటి పిల్లలు విమర్శ తట్టుకోలేరనేది మూడోది. దీన్ని నేను ఒప్పుకోను. మోడరేటర్‌కు వచ్చే కంప్లయింట్లలో కొత్తవాళ్ళవి తక్కువ. కారణం చెప్పిన విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా వాళ్ళు కాసేపు మొహం మాడ్చుకుని, మర్నాడు సరిచేసుకుని వస్తారు. అలిగి అకౌంట్ తీసేసుకున్నవాళ్ళలో పేరున్నవాళ్ళే ఎక్కువ. ఎవరో చెప్పక్కర్లేదు కదా.

ఒక్క భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. చర్చలోని ఒక మాటను స్క్రీన్‌షాట్ తీసి, ముందూ వెనకా లేకుండా బయట తిప్పితే, మీరైనా, పని పెట్టిన కొత్త మనిషైనా అల్లరిపాలవుతారు. గ్యాప్ లోగో నాడు కంపెనీకి జరిగింది ఇప్పుడు ఒక మనిషికి జరగొచ్చు. అందుకే తలుపులు బార్లా తీసి ఎవరైనా వచ్చి ఏమైనా అనండి అని నేను అనడం లేదు. చదవడానికి అందరికీ వీలుండాలి. రాయడానికి మాత్రం పేరు నమోదు చేసుకుని, రూల్స్‌కు ఒప్పుకున్నవాళ్ళకే వీలుండాలి. పని పెట్టిన మనిషికి తన బొమ్మను ఎప్పుడైనా తీసేసుకునే హక్కు ఉండాలి. కారణాలతో రాసిన మాటలు మాత్రం అక్కడే ఉంటాయి. పర్సనల్ మెసేజీల్లో వెకిలి వేషాలు వేసినవాళ్ళకు రెండో అవకాశం ఉండదు. ఈసారి ఈ విషయంలో ఎంత పెద్దవాళ్ళు సిఫారసు చేసినా వినను.

మీరు చేయాల్సింది కొండలు పిండి చేసే పనేమీ కాదు. నెలకు ఒకటి రెండు పనులు ఎంచుకుని, మీ టీమ్‌లోవాళ్ళకు చెప్పినంత శ్రద్ధగా బయటివాళ్ళకు చెప్పండి. బాగున్నదాన్ని ఎందుకు బాగుందో చెప్పడం కూడా ఇందులో భాగమే, మనవాళ్ళకు అది ఇంకా చేతకాదు. మీరు పక్కన పడేసిన పాత డ్రాఫ్టుల్లో చూపించడానికి అభ్యంతరం లేనివి తెచ్చి, ఎందుకు పడేశారో చెప్పండి. పెద్దవాళ్ళ చేతిలోనూ మొదటి డ్రాఫ్టు చెత్తగానే ఉంటుందని కొత్తవాళ్ళు కళ్ళారా చూడాలి. ఇంటర్వ్యూలో ఆ అచ్చు కేస్ స్టడీని పక్కన పెట్టి, వదిలేసిన స్క్రీన్లు చూపించమని అడగండి. ఆ మాట మీరు అడుగుతున్నారని తెలిసిన నెలకే పోర్ట్‌ఫోలియోలు మారడం మొదలవుతుంది. ఇంటికిచ్చి పంపే పనికి డబ్బులివ్వండి, ఇవ్వలేకపోతే మానేయండి.

మోడరేటర్లుగా కూడా మనుషులు కావాలి. ఇప్పుడున్నవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమి, జీతం లేని పని, తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ. మీ టీమ్‌లో ఓర్పు, నిష్పక్షపాతం ఉన్నవాళ్ళు ఉంటే, వారంలో రెండు గంటలు ఆఫీసు టైంలోనే ఈ పని చేసుకోనివ్వండి. ముఖ్యంగా ఆడవాళ్ళు కావాలి, రిపోర్టులు చదివి నిర్ణయం తీసుకునే చోట కావాలి.

రూల్స్ ముసాయిదా నేను రాసి పెట్టాను, రెండు పేజీలు దాటలేదు. ఈ లేఖకు స్పందించిన అందరికీ పంపిస్తాను. మొదట్లో వచ్చే గొడవలన్నీ నేనే చూసుకుంటాను. ముసాయిదాలో నచ్చనివి ఉంటే అందులోనే, ఏ లైను ఎందుకు నచ్చలేదో రాసి పంపండి. ఊరికే ‘బాగుంది’ అని మాత్రం పంపకండి.

ఇట్లు,
మీ పాత మోడరేటర్